ఓటీపీ వచ్చిందామ్మా?

రిజిస్టర్ల బరువు దించుతానని వచ్చిన కంప్యూటర్, మిరప, పత్తి చేల మధ్య తిరిగే నర్సమ్మకి ఏమిచ్చింది? ఏం తీసుకుంది?

బుధవారం, పొద్దున పది గంటలు. పల్నాడులో ఓ అంగన్‌వాడీ కేంద్రం. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఒక్క ఊరి గోలే అనుకుంటారు. మూలన కోడిగుడ్ల ట్రేలు, గోడ మీద వెలిసిపోయిన అక్షరాలు, బల్ల మీద నీలంరంగు టీకాల పెట్టె. పెట్టె వెనక ఏఎన్ఎం కూర్చుని ఉంది. ఊళ్లో పెద్దవాళ్లకి ఇప్పటికీ ఆమె నర్సమ్మే. చేతిలో సూది లేదు, ఫోనుంది. ఎదురుగా కొత్తగా పేరు రాయించుకోవడానికి వచ్చిన గర్భిణి.

“ఓటీపీ వచ్చిందామ్మా?”

“ఆ నంబరు మా ఆయనదండీ. మిరప టిక్కీలేసుకుని తెల్లారే యార్డుకి పోయాడు.”

“ఓసారి ఫోన్ చెయ్యి. మెసేజ్‌లో ఆరంకెలుంటాయి, చదవమను.”

గుంటూరు మిర్చి యార్డులో కాటాల దగ్గర ఆ భర్త జేబులో ఫోను మోగుతుంది. ఘాటుకి దగ్గుతూ, హమాలీల కేకల్లో ఏమీ వినపడక, మళ్లీ చేస్తానని పెట్టేస్తాడు. ఆరంకెల గడువు తీరిపోతుంది. మళ్లీ పంపాలి. ఈలోగా పద్నాలుగు వారాల చంటివాడొకడు వాళ్లమ్మ భుజం మీద గుక్కపట్టి ఏడుస్తుంటాడు. వాడికి ఇవాళ మూడో విడత టీకాలు. తొడకి సూది వెయ్యడానికి పట్టేది అర నిమిషం. వాడి వంతు రావడానికి పట్టేది మాత్రం ఎవరి భర్తో ఎక్కడో ఫోనెత్తేంత సేపు.

ఆంధ్రప్రదేశ్‌లో బుధ, శనివారాలు టీకాల రోజులు. ఆ రెండు రోజులూ నర్సమ్మకి ఊపిరాడదు. ఒక్క బిడ్డకి టీకా వేస్తే అది ఎక్కాల్సిన చోట్లు చూడండి. తల్లి దగ్గరుండే తల్లీబిడ్డల సంరక్షణ కార్డు. సబ్‌సెంటర్‌లో ఉండే ఆర్‌సీహెచ్ (తల్లీబిడ్డల ఆరోగ్య) రిజిస్టరు. ఆ పూట ఎన్ని డోసులు వాడారో చెప్పే టాలీ షీటు. వ్యాక్సిన్ స్టాకు పుస్తకం. ఆపైన యు-విన్ యాప్. వీటిలో కార్డు తల్లికి కావాలి. రిజిస్టరు నర్సమ్మకి కావాలి. మిగతావి ఎక్కువగా పైవాళ్లకి కావాలి. ఎవరికి కావాలన్న ఈ తేడా తేలకుండా, కంప్యూటర్ వల్ల నర్సుకి టైము మిగిలిందా పోయిందా అన్న ప్రశ్నకి జవాబు దొరకదు.

సంచిలో బరువు

రాత నర్సు ఉద్యోగంలోకి కంప్యూటర్‌తో పాటు రాలేదు. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక సభకి ఫ్లోరెన్స్ నైటింగేల్ ఒక ప్రతిపాదన పంపింది. ఆసుపత్రులన్నీ ఒకే తీరు పట్టికల్లో రోగుల లెక్కలు రాయాలని అందులో కోరింది. ఒక్కో ఆసుపత్రి ఒక్కో పద్ధతిలో రాసుకుంటే ఎక్కడ ఎందుకు చనిపోతున్నారో పోల్చి చూడలేమన్నది ఆమె వాదన. దీపం పట్టుకున్న అమ్మగా మన పాఠ్యపుస్తకాలు చూపించే మనిషి, నిజానికి ఫారాల మనిషి కూడా.

మన దగ్గర ఏఎన్ఎం సంచి బరువెక్కడానికి ఒక తేదీ చెప్పాలంటే 1973 చెప్పుకోవచ్చు. కర్తార్ సింగ్ కమిటీ ఆ ఏడు ఇచ్చిన నివేదికతో, అప్పటిదాకా ప్రధానంగా కాన్పులూ తల్లీబిడ్డలూ చూసుకున్న మంత్రసాని నర్సు ‘బహుళార్థ’ ఆరోగ్య కార్యకర్త అయింది. మలేరియా రక్తపు పూతలు, కుటుంబ నియంత్రణ, టీకాలు, జనన మరణాలు అన్నీ ఆమెకే. పని ఒక్కటి చేరితే పుస్తకం ఒక్కటి చేరింది. అర్హులైన దంపతుల రిజిస్టరు, గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, స్టాకు పుస్తకం, ఇంటింటి సర్వే పుస్తకం, రోజువారీ డైరీ. పాత తరం ఏఎన్ఎంల ఇళ్లకి వెళ్తే మంచం కింద ట్రంకు పెట్టెల్లో ఇప్పటికీ కనిపిస్తాయి, ఎర్ర గుడ్డ అట్టలతో.

ఆ పుస్తకాల్లో ఒక సుగుణం ఉండేది. రాసిన మనిషే మళ్లీ చూసుకునేది. ఫలానా వీధిలో ఫలానా కోడలికి ఎనిమిదో నెలని పుట తిప్పితే తెలిసేది. పుట అంచున పెన్సిల్‌తో ఒక చుక్క, లేకపోతే ఒక ఇంటూ. ఆ చుక్కకి అర్థం ఆమెకొక్కదానికే తెలుసు: రక్తం తక్కువ, లేదా మొదటి కాన్పు ఆపరేషన్, లేదా అత్తగారు ఆసుపత్రికి పంపదు. కంప్యూటర్‌లో ఆ చుక్క పెట్టడానికి గడి లేదు.

వెలలేనిది వచ్చింది

2016లో ఏఎన్ఎంల చేతికి టాబ్లెట్లు ఇచ్చి ‘అన్మోల్’ అనే అప్లికేషన్ మొదలుపెట్టినప్పుడు దేశంలో ముందుగా అడుగువేసింది ఆంధ్రప్రదేశే. యూనిసెఫ్ తోడ్పడింది. ‘ఏఎన్ఎం ఆన్‌లైన్’ అన్న మాటల్ని కుదించి పెట్టిన పేరది. హిందీలో వెలలేనిదని అర్థం. ఇంటిదగ్గరే గర్భిణి వివరాలు ఎక్కించవచ్చు, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, సిగ్నల్ దొరికినప్పుడు సర్వర్‌కి చేరుతుంది, ఎవరికి ఏ టీకా ఎప్పుడో అదే గుర్తుచేస్తుంది. కాగితం మీద రాసి, నెలాఖరుకి పీహెచ్‌సీకి మోసుకెళ్లి, అక్కడ డేటా ఎంట్రీ ఆపరేటర్ పక్కన కూర్చుని చదివి వినిపించే చాకిరీ పోతుందని ఆశ.

ఆలోచన మంచిదే. చెడింది ఎక్కడంటే, యంత్రం వచ్చింది గానీ రిజిస్టరు పోలేదు. పోనివ్వలేదు అనాలి. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగేది రిజిస్టరే. సంతకం పడేది రిజిస్టరు మీదే. టాబ్లెట్ మొరాయిస్తే, సింక్ కాక ఎంట్రీలు ఎగిరిపోతే మిగిలే సాక్ష్యం కూడా అదే. దాంతో చాలామంది తెలివైన పని ఒకటి చేశారు: పగలు కాగితం మీద రాసుకోవడం, రాత్రి ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఫోనులో కొట్టడం. అంటే కంప్యూటర్ డ్యూటీ టైమును తగ్గించలేదు, డ్యూటీని ఇంటిదాకా తెచ్చింది. ఆ రాత్రి గంటలు ఏ లెక్కలోకీ రావు.

పైగా యాప్ ఒక్కటితో ఆగలేదు. జ్వరాలు, విరేచనాల నిఘాకి ఐహెచ్ఐపీ. 2018లో మొదలుపెట్టిన ఏడు రాష్ట్రాల్లో మనదీ ఉంది. బీపీ, షుగరు, క్యాన్సర్లకి ఎన్‌సీడీ యాప్. 2024 నవంబరు నుంచి ఎన్‌సీడీ-సీడీ సర్వే 3.0 పేరుతో మళ్లీ ఇంటింటికీ. క్షయకి నిక్షయ్. టీకాలకి యు-విన్. డాక్టర్‌తో వీడియోలో మాట్లాడించడానికి ఈ-సంజీవని. 2021 సెప్టెంబరు 27న దేశమంతా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ తెచ్చిన పద్నాలుగు అంకెల ఆభా నంబరు. ఇవిగాక గ్రామ సచివాలయ సిబ్బందిగా ముఖం చూపించి వేయించుకోవాల్సిన హాజరు. ఒకే మనిషికి కడుపుతో ఉండగా బీపీ వచ్చి, పైగా దగ్గు కూడా ఉందనుకోండి. ఆమె పేరు, వయసు, ఇంటి నంబరు ఎన్నిసార్లు కొట్టాలి? యాప్‌లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రోజు వస్తుందని చెబుతున్నారు. అందాకా వాటి మధ్య తంతి తపాలా మన నర్సమ్మే.

మెచ్చుకోవాల్సింది లేదనను. ఈ-సంజీవనినే తీసుకోండి. 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల మధ్య ఆ సేవని ముందుగా నడిపింది ఆంధ్రప్రదేశ్. కనిగిరి పక్కన ఊళ్లో ఉన్న ముసలాయన కాలి పుండు కోసం ఒంగోలు దాకా బస్సెక్కకుండా డాక్టర్‌తో మాట్లాడగలిగితే అది చిన్న సంగతి కాదు. అలాగే ప్రమాదముందన్న గర్భిణుల జాబితా ఒక్క నొక్కుతో వస్తే, ఎర్ర అట్టల పుస్తకం పుటపుటా తిప్పే పని తప్పుతుంది. ఇలా తిరిగి చేతికి అందే రాతని ఏ ఏఎన్ఎమ్మూ విసుక్కోదు. విసుగంతా వెళ్లడమే తప్ప తిరిగిరాని రాత మీద.

నల్లరేగడి తెలియని గడులు

ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో కూర్చుని యాప్ గీసినవాళ్లకి తెలియని సంగతులు ఈ నేల మీద నాలుగైదు ఉన్నాయి.

మొదటిది పుట్టిల్లు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆనవాయితీ. ఏడో నెలలో సీమంతం చేసి ఒళ్లో పూలూ పండ్లూ పెట్టి పంపేస్తారు. అద్దంకి కోడలు మాచర్ల వెళ్లిపోతుంది. పేరు నమోదైంది అద్దంకి వైపు సబ్‌సెంటర్‌లో, కాన్పయ్యేది మాచర్ల ఆసుపత్రిలో, బిడ్డకి మొదటి టీకాలు అక్కడే, మూడో నెలో అయిదో నెలో మళ్లీ అత్తారిల్లు. ఆమెకిచ్చిన ఆర్‌సీహెచ్ నంబరు ఎక్కడైనా చెల్లుతుంది, నిజమే. కానీ పుట్టింటికి వెళ్తూ పట్టుచీర మర్చిపోని మనిషి ఆ కార్డు మర్చిపోతుంది. అక్కడి ఏఎన్ఎం పేరుతో వెతకాలి. నాగలక్ష్మి అన్న పేరుని ఇంగ్లిషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయొచ్చో మీరే ప్రయత్నించి చూడండి. దొరక్కపోతే కొత్తగా నమోదు చేస్తుంది. ఇక్కడ అద్దంకి వైపు ఏఎన్ఎమ్మేమో నెలాఖరు సమీక్షలో ఫలానా గర్భిణి కాన్పు ఎంట్రీ ఎందుకు పెండింగ్ ఉందని సంజాయిషీ చెప్పుకుంటుంది. ఒక కాన్పు, రెండు రికార్డులు, నాలుగు ఫోన్లు.

రెండోది వలస. డిసెంబరు వెళ్లేసరికి ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు పత్తి తీతకీ మిరప కోతకీ గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలకి దిగుతాయి. చేను గట్టు మీదే గుడారం. రెండు మూడు నెలలుండి, కల్లాల మీద కాయ ఎండి టిక్కీల్లోకెక్కాక వెళ్లిపోతారు. వాళ్లలో గర్భిణులుంటారు, చంటిపిల్లలుంటారు. వాళ్లు ఏ సచివాలయం పరిధిలోకీ రారు, ఏ ఇంటి నంబరూ ఉండదు. యాప్‌లో ఇంటి నంబరు గడి ఖాళీ వదిలితే ముందుకి పోదు. ఆశా కార్యకర్త చెబితే వెళ్లి చూసొచ్చే ఏఎన్ఎం ఆ గడిలో ఏం రాయాలి? చేను సొంతదారు ఇంటి నంబరు రాసేవాళ్లున్నారు. ఆ రికార్డు చదివితే ఒక మోతుబరి ఇంట్లో తొమ్మిదిమంది బాలింతలు కనిపిస్తారు.

మూడోది వేళ్లు. ఆధార్‌ని వేలిముద్రతో కూడా సరిచూడొచ్చు. కానీ కోల్డ్ స్టోరేజీల దగ్గర రోజంతా మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల వేళ్లకి గీతలుంటాయా? మంటకి కొబ్బరినూనె రాసుకుని పడుకుంటారు. పొగాకు బేళ్లు కట్టిన చేతులూ అంతే. యంత్రం ఆ వేళ్లని మూడుసార్లు నొక్కించుకుని మనిషివి నువ్వు కాదంటుంది.

ఇంకొకటి, పొద్దు. కోతలప్పుడు ఆడవాళ్లు ఆరున్నరకల్లా ఆటో ఎక్కేస్తారు. సర్వే చెయ్యాలంటే నర్సమ్మ తెల్లవారుజామునన్నా వెళ్లాలి, దీపాలు పెట్టాకన్నా వెళ్లాలి. యాప్‌కి ఈ సంగతి పట్టదు. అది ఎంట్రీ కొట్టిన గంట చూపిస్తుంది. ఆ ఇంటి గడప ఎన్నిసార్లు తొక్కిందో చూపించదు.

అట్రోపిన్ చార్టు

ఇప్పటిదాకా ఊళ్లో ఉన్నాం. ఇక గుంటూరు పెద్దాసుపత్రికి పోదాం. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం, నాలుగు దిక్కుల నుంచీ అంబులెన్సులు చేరేది ఇక్కడికే.

ఈ ప్రాంతపు పెద్దాసుపత్రుల నర్సులకి చేయి తిరిగిన విద్య ఒకటుంది. పత్తి, మిరప పైర్లకి కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఒంట్లోకి పోయినవాళ్లని కాచుకోవడం. గాలికి ఎదురు నిలబడి స్ప్రే చేసి కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు కొందరు, బతుకు భారమై ఆ పని చేసుకున్నవాళ్లు కొందరు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ప్రకాశం, గుంటూరు రైతుల ఇళ్లలో ఏం జరిగిందో ఆ తరం వాళ్లు ఇంకా మర్చిపోలేదు.

ఆ రోగికి విరుగుడు అట్రోపిన్. విషం ఎక్కితే కంటిపాప సూదిమొనంత అవుతుంది, ఒళ్లంతా చెమట, నోట్లోంచి నురగ, ఛాతీలో గురగుర, నాడి మందగిస్తుంది. అయిదేసి నిమిషాలకి అట్రోపిన్ మోతాదు రెట్టింపు చేసుకుంటూ పోతారు. ఛాతీ శుభ్రపడి, నాడి ఎనభై దాటి, రక్తపోటు నిలిచేదాకా. నిలిచాక డ్రిప్పులో పెడతారు. మందు ఎక్కువైతే ఇంకో ప్రమాదం: జ్వరం, కలవరింతలు, మంచం మీద నుంచి లేచి పరుగెత్తబోవడం, పేగుల చప్పుడు ఆగిపోవడం. తక్కువా ఎక్కువా కాని ఆ సన్నని గట్టు మీద రోగిని నడిపించేది పదిహేనేసి నిమిషాలకి సిస్టర్ నింపే చార్టు. నాడి, కంటిపాప, చెమట, ఛాతీ, ఇచ్చిన మోతాదు, గంట. మంచం కాళ్ల దగ్గర తగిలించిన అట్టకి ఆ కాగితం ఉంటుంది. డాక్టరు వచ్చి చూసేది దాన్నే. రాత్రి ఎనిమిదికి డ్యూటీ మారేటప్పుడు వచ్చే సిస్టర్ చూసేదీ దాన్నే. ఒక్క గడి ఖాళీగా ఉంటే మందు ఇచ్చారో, ఇచ్చి రాయడం మరిచారో ఎవరికీ తెలియదు.

ఇదీ రాతే. దీన్ని ఏ సిస్టరూ అదనపు చాకిరీ అనదు. ఎందుకంటే ఇక్కడ రాయడమూ చూడడమూ ఒకే పని. కలం గడి దగ్గరికి వెళ్లాలంటే ముందు చెయ్యి రోగి మణికట్టు దగ్గరికి వెళ్లి తీరాలి.

ఇప్పుడు అదే చార్టుని కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకుందాం. కంప్యూటర్ మంచం పక్కన ఉంటే ఒక కథ. సిస్టర్ల టేబుల్ మీద ఒక్కటే ఉండి, దాని ముందు హౌస్‌సర్జన్ కూర్చుని ల్యాబ్ రిపోర్టులు చూస్తుంటే ఇంకో కథ. రెండో కథలో సిస్టర్ అరచేతి మీద బాల్‌పెన్‌తో అంకెలు రాసుకుని, ఖాళీ దొరికినప్పుడు ఒకేసారి కొడుతుంది. అప్పుడు రికార్డులో పదిహేనేసి నిమిషాల లెక్క ముచ్చటగా ఉంటుంది. అది ఎప్పుడు రాసిందో అరచెయ్యి కడుక్కున్నాక ఎవరూ చెప్పలేరు.

ఇక విషం కేసంటే మెడికో లీగల్ కేసు. పోలీసు అవుట్‌పోస్టుకి సమాచారం, ఆ కాగితం నకలు, రోగి బట్టలు అప్పగించినట్టు సంతకాలు. వాటితోపాటు డైట్ షీటు, మందుల ఇండెంటు, పడకల సెన్సస్, హ్యాండోవర్ పుస్తకం. బోధనాసుపత్రిలో మూడు పడకలకి ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి డ్యూటీలో ముప్ఫై పడకల వార్డుకి ఒకరో ఇద్దరో కనిపిస్తే మన దగ్గర ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ ఒక్కరి చేతిలో కలం ఉన్నా, కీబోర్డు ఉన్నా రోగికి మిగిలే చేతులు రెండే.

గుంటూరుకి నర్సింగ్ కొత్త కాదని ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. 1883లో వచ్చిన అమెరికన్ డాక్టరు అన్నా సారా కుగ్లర్ ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. 1920లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన డాక్టరు, సన్యాసిని మేరీ గ్లోరీ సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రిని పెంచింది. 1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘానికి అంకురం వేసిందీ ఆమే. ఆ ఆవరణల్లో పుట్టిన నర్సింగ్ స్కూళ్లలో తెలుగు ఆడపిల్లలు తెల్లటి టోపీ పెట్టుకుని మొట్టమొదట నేర్చుకున్న పనుల్లో టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస) చార్టులో ఎర్ర గీత, నీలం గీత తప్పు లేకుండా గీయడం ఒకటి. జ్వరం గీత పైకెక్కడం చూసి టైఫాయిడ్ అని గుర్తుపట్టిన సిస్టర్ల కథలు పాత గుంటూరులో బోలెడు.

గడియారం పెట్టి కొలిస్తే

ఈ తగువు మనకొక్కరికే కాదు. అమెరికాలో 36 ఆసుపత్రుల్లో 767 మంది నర్సుల వెంట గడియారాలు పెట్టి కొలిచి 2008లో ఒక అధ్యయనం అచ్చేశారు. నర్సింగ్ పని చేసే సమయంలో రాతకే 35 శాతం పైగా పోతోందని తేలింది. రోగికి నేరుగా చేసే సేవకి దక్కింది 19 శాతం చిల్లర. ఆ ఆసుపత్రుల్లో కొన్ని కాగితంతో, కొన్ని కంప్యూటర్‌తో నడిచేవి. అంటే రాత ఎక్కువవడానికి కంప్యూటర్ ఒక్కటే దోషి కాదు.

అంతకు మూడేళ్ల ముందు, 2005లో, కెనడా పరిశోధకులు పోసాంట్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్ని కలిపి చూసింది. లెక్క నర్సులకి అనుకూలంగా వచ్చింది: మంచం పక్కన కంప్యూటర్ ఉంటే షిఫ్టులో రాతకి పట్టే టైము 24.5 శాతం తగ్గింది, సిస్టర్ల టేబుల్ దగ్గర ఉన్నా 23.5 శాతం తగ్గింది. అదే మంచం పక్క కంప్యూటర్ డాక్టర్లకి మాత్రం రాత టైముని 17.5 శాతం పెంచింది. ఈ అంకెలు చదివినప్పుడు మొదట నాకు కాస్త ఇబ్బందే కలిగింది, నేను రాయబోతున్న కథకి ఎదురు తిరిగాయి కాబట్టి. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. అక్కడ కొలిచింది కాగితం బదులు కంప్యూటర్ వచ్చిన వార్డుల్ని. మన దగ్గర ‘బదులు’ రాలేదు, ‘తోడు’ వచ్చింది. తోడికోడలు వస్తే పని సగమవుతుందనుకున్న ఇంట్లో ఇద్దరికీ వండాల్సొచ్చినట్టు.

అయితే అమెరికా నర్సులు సుఖంగా ఉన్నారా అంటే అదీ లేదు. 2009 చట్టంతో అక్కడి ప్రభుత్వం వేల కోట్ల డాలర్లు పోసి ఆసుపత్రులన్నిటికీ ఎలక్ట్రానిక్ రికార్డులు పెట్టించింది. దాంతో బీమా కంపెనీలకి, నాణ్యతా సంస్థలకి, కోర్టులకి కావాల్సిన గడులన్నీ అందులోకి వచ్చిపడ్డాయి. ఒక గడి చేర్చడం తేలికైపోయింది, నింపే చెయ్యి వేరేవాళ్లది కాబట్టి. చివరికి 2021లో అక్కడి వైద్య సమాచార నిపుణులే కూర్చుని, అయిదేళ్లలో రాత భారాన్ని నాలుగో వంతుకి దించాలని ఓ ఉద్యమం మొదలుపెట్టాల్సొచ్చింది.

ఆ గాలి మన ప్రైవేటు ఆసుపత్రులకీ సోకింది. నాలుగేళ్ల కిందట మా మేనత్తకి ఆపరేషనైంది. ఆసుపత్రి పేరు అనవసరం. రాత్రి రెండింటికి ఒక పిల్ల సిస్టర్, ఇరవై రెండేళ్లుంటాయేమో, చక్రాల బల్ల మీద కంప్యూటర్ తోసుకొచ్చింది. “అమ్మా, మీ నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత?” అని అడిగింది. “నొప్పికి మార్కులేందే తల్లీ, నాకు మంచినీళ్లియ్యి” అంది మా అత్త. సిస్టర్ ఆరు వేసుకుంది. తర్వాత పడిపోయే ప్రమాదం స్కోరు, పడక పుండ్ల స్కోరు, ఇంకేదో స్కోరు. తెర వెలుగు ఆ పిల్ల ముఖం మీద నీలంగా పడుతోంది. పైన సెలైన్ సీసా అయిపోయి గొట్టంలోకి రక్తం వెనక్కి పాకుతున్నది నేను చూసి చెప్పాను. నాలిక్కరుచుకుని పరుగెత్తింది. తప్పు ఆ పిల్లది కాదు. ఇంకో తొమ్మిది పడకల తెరలు తెల్లారేలోగా నిండకపోతే తెల్లారాక అడిగేవాళ్లున్నారు. సెలైన్ సీసా సంగతి అడిగే తెర లేదు.

బస్సులో కూర్చున్న నాలుగో మనిషి

పరిష్కారం మనకి తెలియనిది కాదు, ఒకసారి చేసి చూశాం. 2008 ప్రాంతంలో వైద్యసేవల 104 బస్సులు నెలకోసారి ఊళ్లకి రావడం మొదలైనప్పుడు ఏఎన్ఎం, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్‌లతో పాటు ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్ కూడా ఉండేవాడు. బీపీ చూసేవాళ్లు చూస్తుంటే, ఎంట్రీ కొట్టేవాడు కొడుతుండేవాడు. 2007లో మొదలైన ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీలోనూ అంతే. ముందస్తు అనుమతులు, ఫొటోలు, కేస్‌షీట్ల అప్‌లోడ్ అంతా ఆన్‌లైన్. ఆ తిరుగుడు చాలావరకు ఆరోగ్యమిత్రలది. ఎవరు ఏమనుకున్నా, ఈ రాష్ట్రంలో పెద్దయెత్తున నడిచిన తొలితరం డిజిటల్ ఆరోగ్య రికార్డులు ఆ రెండూ. రెండిట్లోనూ రాత పనికి వేరే మనిషిని పెట్టుకున్నారు. 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట మండలం లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలైనప్పుడు కూడా ఆ పాత 104 బస్సే కొత్త రూపంలో ఊరికి వచ్చింది.

సబ్‌సెంటర్‌కి మాత్రం ఆ మనిషి రాలేదు. ఫోను ఇచ్చాక ఇంకో మనిషెందుకన్నది లెక్క. నా మట్టుకు నాకు ఇదే అసలు పొరపాటనిపిస్తుంది. వార్డుకి ఒక క్లర్కు, రెండు సబ్‌సెంటర్లకి ఒక ఎంట్రీ ఆపరేటర్ ఖర్చు కనపడుతుంది. నర్సు టైము ఖర్చు ఎక్కడా కనపడదు, దానికి బిల్లు రాదు కాబట్టి. ప్రభుత్వాసుపత్రుల ఓపీ కౌంటర్ల దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చీటీ వచ్చే ఏర్పాటు చేశారు. క్యూ తగ్గింది, బాగుంది. అది రోగి నిలబడే టైముని తగ్గించింది. లోపల ఇంజెక్షన్ రూములో సిస్టర్ రాసే పుస్తకాలు ఒకటీ తగ్గలేదు. 2025లో కుప్పంలో రోగుల వివరాలన్నీ ఒకచోట చేర్చే టాటాల డిజిటల్ నెర్వ్ సెంటర్ మొదలైంది. అది మిగతా జిల్లాలకి వస్తుందంటున్నారు. వచ్చేటప్పుడు ఎన్ని తెరలు తెస్తుందన్నది కాదు, ఎన్ని రిజిస్టర్లు పట్టుకుపోతుందో ముందు అడగాలి. ‘ఫలానా తేదీ నుంచి ఫలానా పుస్తకం రాయనక్కర్లేదు, తనిఖీలో ఎవరూ అడగరు’ అని రాతపూర్వకంగా ఒక్క జీవో వస్తే, అది ఏ సర్వర్ కన్నా ఎక్కువ టైము మిగులుస్తుంది.

జనవరి ఆఖరు. చేలన్నీ ఎర్రగా ఉన్నాయి. గట్టు మీద గుడారాల దగ్గరికి ఆశా కార్యకర్తతో కలిసి నర్సమ్మ వచ్చింది. కోసిగి వైపు నుంచి కోతకొచ్చిన మనిషికి ఏడో నెల. వేలు గుచ్చి రక్తం చూస్తే ఎనిమిది గ్రాములు. ఫోనులో సిగ్నల్ ఒక గీత వచ్చి పోతోంది. పేరు వెతికితే తెర తిరుగుతూనే ఉంది. ఆమె ఫోను బొడ్డున దోపుకుని తల్లీబిడ్డల కార్డు తీసింది. రక్తం ఎంతుందో, పీహెచ్‌సీకి ఏ రోజు రావాలో, ఎన్ని ఐరన్ ఇంజెక్షన్లు పడాలో, ఊరెళ్లాక అక్కడి ఏఎన్ఎంకి ఏం చెప్పాలో పెన్నుతో గట్టిగా, తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసింది. తడవకుండా పెట్టుకోమంటే గుడారంలోంచి మిరప విత్తనాల ఖాళీ కవరొకటి తెచ్చి, అందులో పెట్టి, మడిచి, దారంతో కట్టుకుంది ఆ మనిషి.

రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో ఫోను ఛార్జింగ్‌కి పెట్టి చూస్తే సింక్ కావాల్సినవి ఇంకా పదిహేడున్నాయి.